కంచె చేను మేయరాదు

(వేంపల్లె పఠనమందిరమున చేసిన ఉపన్యాసము)



పాపఘ్ని యొడ్డున వేరుసెనగయో పసుపో పెట్టిన రైతు విత్తనము వేసిన మరునాడే కంచె సంగతి చూచుకొనును. తుమ్మకంప కొట్టి తెచ్చి చేని చుట్టును నాటును. ఆ కంపవలన దిగుబడి యొక్క గింజయైనను హెచ్చదు. కంప కొట్టుటకు కూలి తగులును, మోయుటకు బండి తగులును. ఐనను కంచె లేని చేను పశువుల పాలగునని యెరిగినవాడు గనుక రైతు ఆ వ్యయమును సంతోషముగనే భరించును. నేడు మేము తమతో ముచ్చటింపదలచిన విషయమునకు ఇంగ్లీషువారు పెట్టిన పేరును కంచెయే. వారు దానిని ‘హెడ్జింగు’ అందురు. రూపాయి, డాలరు, వడ్డీ, ముడిసరుకు, వీని ధరల ఒడుదుడుకులనుండి తమ వ్యాపారమును కాచుకొనుటకు పెద్ద కర్మాగారములవారు ‘డెరివేటివులు’ అను ఒప్పందములను కంచెగా నాటుకొనుచున్నారు. ఆ కంచె యెట్లు నాటబడును? ఎప్పుడు చేనిని కాచును? ఎప్పుడు చేనినే మేయును? ఈ మూడు ప్రశ్నలకే మా ప్రసంగము పరిమితము.

ఇది మహాపట్టణములలోని ధనికుల గొడవ, వేంపల్లెవారి కేల యని కొందరు తలపవచ్చును. మేమును ఒకప్పు డట్లే తలచితిమి. కొంతకాలము క్రిందట ఈ ప్రాంతపు యువకుడొకడు మా కచేరీకి వచ్చెను. తండ్రి చీనీతోట కాపు అమ్మి, కుమార్తె వివాహమునకని బ్యాంకిలో నుంచిన సొమ్మును, ఆతడు చేతిలోని ఫోనుమీదనే పదునొకండు వారములలో ఆప్షను బేరములందు పోగొట్టెను. బేరము నడిపిన దళారీ సంస్థపై దావా వేయవచ్చునా యని అడుగవచ్చినాడు. ఆతడు తెచ్చిన కాగితములను ఆమూలాగ్రముగ చదివితిమి. వానిలో ‘హెడ్జింగు’ అను మాట మూడుచోట్ల కనబడెను. కాపాడవలసిన చేను మాత్రము ఒక్కచోటను కనబడలేదు. ఆతనికి మేమిచ్చిన ప్రత్యుత్తరమును ప్రసంగాంతమున మనవి చేసెదము. అంతకుముందు నిజమైన కంచె యెట్లుండునో చూడవలసియున్నది.

డెరివేటివు అనగా తనకు స్వంతముగ విలువ లేక, మరియొక వస్తువు ధరనుబట్టి విలువ పొందెడి ఒప్పందము. ఆ మూలవస్తువు డాలరు కావచ్చును, పసుపు కావచ్చును, సీసము కావచ్చును, వడ్డీరేటు కావచ్చును. నీడకు మనుష్యు డెట్లాధారమో, ఈ యొప్పందమునకు మూలవస్తు వట్లాధారము. ఇది నిన్న మొన్న పుట్టిన వింత కాదు. జపాను దేశమున ఒసాకా పట్టణములోని దోజిమా బియ్యపు బజారున 1730 నాటికే ప్రభుత్వపు అంగీకారముతో ఇట్టి బేరములు జరుగుచుండెను. అమెరికాలో చికాగో ధాన్యపు బజారు 1848లో వెలసెను. మన దేశమున బొంబాయి ప్రత్తివర్తకులు 1875లో సంఘముగ నేర్పడి వాయిదా బేరములకు నియమములు కల్పించుకొనిరి. బియ్యమైనను, గోధుమయైనను, ప్రత్తియైనను మూలమొక్కటియే. సరుకునకు వ్యయము పెట్టిన దినమునకును, దాని సొమ్ము చేతికి వచ్చు దినమునకును నడుమనుండు భయమే యీ బేరములకు తల్లి.

పెద్ద కర్మాగారమున కీ భయ మెట్లు కలుగునో మన తెలుగునాటి యుదాహరణముతోనే చూతము. గుంటూరు జిల్లా తాడేపల్లిలో జన్మించిన కల్లం అంజిరెడ్డిగారు 1984లో హైదరాబాదున స్థాపించిన డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్ నేడు ప్రపంచమెరిగిన ఔషధసంస్థ. 2001 ఏప్రిలునుండి డిపాజిటరీ పత్రముల రూపమున దాని వాటాలు న్యూయార్కు స్టాక్ ఎక్స్ఛేంజిలోను క్రయవిక్రయములగుచున్నవి. ఈ సంస్థకు బాచుపల్లిలోను, బొల్లారములోను, శ్రీకాకుళము జిల్లాలోను కర్మాగారములు కలవు. అచ్చట పనివారి జీతములు రూపాయలలో, విద్యుత్తు రుసుము రూపాయలలో. సరుకు మాత్రము అమెరికాలో డాలర్లకు, ఐరోపాలో యూరోలకు, ఇంగ్లండులో పౌనులకు, రష్యాలో రూబుళ్ళకు అమ్ముడుపోవుచున్నది. వ్యయములో పెద్దభాగ మొక నాణెమున, ఆదాయములో పెద్దభాగము వేరు నాణెములలో. ఈ రెంటి నడుమనున్న వారధి మారకపు రేటు. ఆ వారధి నిత్యము ఊగుచుండును.

ఎంతగా ఊగునో అంకెలే చెప్పగలవు. 2007 ఆరంభమున డాలరునకు 44 రూపాయలు, ఆ యేటి చివర 39 ప్రాంతము. 2009 మార్చిలో 52. 2013 మే నెలలో 55 ప్రాంతము, ఆగష్టు 28వ తేదీన 68 రూపాయల 80 పైసలు. 2022 అక్టోబరులో 83 దాటెను. 44 రూపాయలు వచ్చునని లెక్కవేసికొని 2007లో సరుకు పంపిన ఎగుమతిదారునకు 39 మాత్రమే వచ్చినచో, రాబడిలో నూటికి పదునొకటికి పైగా పోయినదన్నమాట. వాని లాభమే నూటికి పది యైనయెడల, మందు శుద్ధముగ చేసినను, ఓడ వేళకు చేరినను, కొన్నవాడు నిజాయితీతో చెల్లించినను, తుదకు మిగులునది నష్టమే. పనివాని తప్పు లేదు, యజమాని తప్పు లేదు. ఎచ్చటనో ఊగిన వారధి యిచ్చట పొయ్యిలోని నిప్పును ఆర్పివేయును.

ఇట్టి యాపదకు మొదటి కంచె ఇంటిలోనే యున్నది. ఔషధములకు కావలసిన ముడిపదార్థములలో కొన్నింటిని సంస్థలు విదేశములనుండి డాలర్లకే కొనుచుండును. వచ్చు డాలర్లలో పోవు డాలర్లను మినహాయించినచో మిగిలినదే నిజమైన భయము. ఏ నాణెమున ఆదాయము కలదో ఆ నాణెమునందే అప్పు తెచ్చుకొనుటయు ఇట్టిదే. డాలరు దిగినయెడల ఆదాయము తగ్గును, దానితోపాటు అప్పును తగ్గును. డాక్టర్ రెడ్డీస్ వారు తమ వార్షిక నివేదికలలో విదేశీ నాణెపు అప్పులను సయితము రక్షణసాధనములుగ చూపియున్నారు. దీనికి దళారీ రుసుము లేదు, బ్యాంకి గుమాస్తా ప్రాపకము లేదు. బుద్ధిమంతుడగు వర్తకుడు ఇంటి గోడను చూచుకొన్న పిమ్మటనే కంపకై అడవికి పోవును.

మిగిలిన భయమునకు కంచె ముందుబేరము, అనగా ఫార్వర్డు. ఒక సంస్థకు ఆరునెలల పిమ్మట 10 లక్షల డాలర్లు రావలసియున్నవనియు, నేటి రేటు 80 రూపాయలనియు అనుకొందము. సంస్థ బ్యాంకితో నేడే యొప్పందము చేసికొనును: గడువునాడు ఈ డాలర్లను నీకిచ్చెదను, నీవు నేడు నిశ్చయించిన రేటు నాకిమ్ము. ఆ రేటు జోస్యము కాదు, కూడికలును తీసివేతలును. బ్యాంకి నేడే డాలర్లను అప్పుతెచ్చి, రూపాయలుగ మార్చి, ఆ రూపాయలను ఆరునెలలు వడ్డీకి త్రిప్పును. గడువునాడు సంస్థ తెచ్చిన డాలర్లతో తన యప్పు తీర్చుకొనును. వడ్డీ మన దేశమున సాలుకు నూటికి 7, అమెరికాలో 5 అనుకొన్నచో, ఆరునెలలలో రూపాయల పద్దు నూటికి మూడున్నరయు, డాలర్ల పద్దు రెండున్నరయు పెరుగును. ఆ భేదమును లెక్కింపగా బ్యాంకి ఇయ్యగల రేటు సుమారు 80 రూపాయల 78 పైసలు. అందులో తన ప్రతిఫలమును కొంచెము మినహాయించుకొనును.

ఇట్లు కట్టిన కంచె యేమి చేయును? గడువునాడు డాలరు 76కు దిగినను సంస్థకు వచ్చునది ఆ నిశ్చయించిన ధరయే. 85కు ఎక్కినను అంతే. ఈ రెండవమాటను పలువురు మరతురు. 2013 మే నెలలో 55 ప్రాంతమున ముందుబేరము చేసికొన్న ఎగుమతిదారులు ఆగష్టులో 68ని చూచి చేతులు నలుపుకొనిరి. కాని అది నష్టము కాదు. పశువులు చేనిలో పడని యేడాది కంచెకూలి దండుగయైనదని రైతు వగచునా? కంచె వలన లాభము వచ్చినదా యని యడుగువాడు ప్రశ్ననే తప్పుగా అడుగుచున్నాడు. కంచె వేసినపుడు పంట మీద భరోసా కలిగినదా, ఆ భరోసాతో విత్తనమునకు ఎరువునకు ధైర్యముగ పెట్టుబడి పెట్టగలిగితినా, అని యడుగవలెను. కర్మాగారమునకు కావలసినది డాలరుమీద గెలుపు కాదు. వచ్చే సంవత్సరము జీతములకు, యంత్రములకు, పరిశోధనకు ఎంత సొమ్ముండునో నేడు తెలియుట.

రెండవ కంచె ఆప్షను. దీనిని మన బయానాతో పోల్చవచ్చును. ఇల్లు కొనదలచినవాడు బయానా ఇచ్చి ధర ఖాయపరచుకొనును. తరువాత వలదనుకొన్నచో బయానా పోవును, అంతకుమించి పోదు. ఆప్షను కొన్నవాడును అట్లే కొంత రుసుము ముందుగ చెల్లించి, గడువునాడు నిశ్చితమైన ధరకు డాలర్లను అమ్ముకొను హక్కును సంపాదించును. బజారు ధర దిగినచో హక్కును వినియోగించుకొనును. ధర పెరిగినచో హక్కును విడిచి బజారుననే అమ్ముకొనును. ఒక్క భేదము గమనింపవలెను. బయానా తుది ధరలో జమయగును, ఆప్షను రుసుము తిరిగి రాదు. మరియొక మాట అంతకన్న ముఖ్యమైనది. ఆప్షను కొన్నవాని నష్టము రుసుముతో ఆగును, అమ్మినవాని నష్టమునకు అవధి లేదు. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడు, మరల దీనితో పని గలదు.

మూడవది స్వాపు, అనగా మార్పిడి. ఒక సంస్థ మారెడి వడ్డీకి అప్పు తెచ్చినది. వడ్డీ పెరుగునేమో యని దాని భయము. బ్యాంకితో ఒప్పందము చేసికొని, స్థిరమైన వడ్డీని తాను బ్యాంకికి చెల్లించుచు, మారెడి వడ్డీని బ్యాంకినుండి పుచ్చుకొనును. వచ్చిన దానిని అప్పిచ్చినవానికి జమకట్టును. తుదకు దాని నెత్తిన మిగులునది స్థిరమైన వడ్డీయే. అసలు చేతులు మారకయే, మూలపు టప్పు కదలకయే, భయము మాత్రము ఒకరినుండి మరియొకరికి మారినది.

అన్ని చేలకును ఒకే కంప చాలదు. రష్యా సంగతి చూడుడు. 2014 ఆరంభమున డాలరునకు 33 రూబుళ్ళు, ఆ యేటి చివర 56 రూబుళ్ళు. డిసెంబరు 16న ఆ దేశపు కేంద్రబ్యాంకి వడ్డీని నూటికి 17కు పెంచెను. ఇంతకు ముందు చెప్పిన లెక్కనుబట్టి, ఎక్కువ వడ్డీ గల నాణెమును ముందుబేరమున అమ్మువాడు ఆ వడ్డీ భేదమంతయు ధరలో కోల్పోవలెను. అనగా కంచె మిక్కిలి కావలసిన సమయముననే కంప ధర ఆకాశమంటును. వాన మబ్బు పట్టిన పిమ్మట ఇల్లు కప్పించుకొనువానికి కూలి యెక్కువ. కావున ఎంత భాగమునకు కంచె వేయవలెను, ఎంత భాగమును విధికి విడువవలెను అను నిర్ణయము తీరికగా నున్న దినములలోనే జరుగవలెను.

పెద్ద సంస్థలు దీనిని ఒక్క వ్యక్తి తెలివికి విడువవు. రాబోవు నెలలలో ఏ దేశమునుండి ఎంత సొమ్ము వచ్చునో అంచనావేసి, దగ్గరి నెలలకు హెచ్చుభాగమును, దూరపు నెలలకు తక్కువభాగమును కంచెలోనికి తెచ్చుట సామాన్యముగ నడచు పద్ధతి. పరిమితిని పాలకమండలి నిర్ణయించును. బేరమాడు చేయి వేరు, లెక్కవ్రాయు చేయి వేరు. ఈ రెండు చేతులు ఒక్కటియైన ఫలితమును 1762లో స్థాపితమైన ఇంగ్లండు బ్యారింగ్స్ బ్యాంకి 1995లో అనుభవించెను. సింగపూరున ఒక్క ఉద్యోగి బేరమును తానే యాడి, పద్దును తానే వ్రాసి, 82 కోట్ల పౌనులకు మించిన నష్టము తెచ్చెను. రెండువందల యేండ్ల బ్యాంకి కొన్ని దినములలో కూలిపోయెను. ఇక లెక్కల విషయము. రాబోవు అమ్మకమునకు వేసిన కంచెలో నడుమ వచ్చు లాభనష్టములను ప్రత్యేకమగు నిధిలో వ్రాసియుంచి, ఆ అమ్మకము జరిగినపుడు దాని రాబడితో జతపరచవలెనని లెక్కల ప్రమాణములు విధించుచున్నవి. డాక్టర్ రెడ్డీస్ నివేదికలలో ఈ నిధి స్పష్టముగ కనబడును. చేనిపద్దును కంచెపద్దును ఒక్కచోట చూడనివాడు రెంటిలో దేనిని గూర్చియు తీర్పుచెప్పజాలడు.

ఇంతవరకు కాచిన కంచెను చూచితిమి. ఇక మేసిన కంచెను చూతము.

సబ్బులు చేయు ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ సంస్థ ప్రపంచమున మిక్కిలి గొప్ప ఉత్పత్తిదారులలో నొకటి. 1993లో ఆ సంస్థ తన వడ్డీ ఖర్చును తగ్గించుకొనుటకై బ్యాంకర్స్ ట్రస్టు అను బ్యాంకితో స్వాపు ఒప్పందము చేసికొనెను. వడ్డీ కొంచెము పెరిగినచో నష్టము అనేక రెట్లు పెరుగునట్లు ఆ యొప్పందపు సూత్రము కూర్పబడియుండెను. 1994 ఫిబ్రవరిలో అమెరికా కేంద్రబ్యాంకి వడ్డీ పెంచ నారంభించెను. ఏప్రిలునాటికి సంస్థ 15 కోట్ల 70 లక్షల డాలర్ల నష్టమును ప్రకటించెను. వ్యాజ్యము నడచి 1996లో రాజీతో ముగిసెను. ఆ సంస్థకు అప్పు ఉన్నమాట నిజమే, వడ్డీ భయమున్నమాట నిజమే. కాని వేసిన కంచె చేనికన్న ఎన్నియో రెట్లు పెద్దది.

మన దేశమున ఇట్టిదే 2007, 2008 సంవత్సరములలో జరిగెను. రూపాయి బలపడుచుండగా ఎగుమతిదారులు భయపడిరి. తిరుప్పూరు బనియను వర్తకులు మొదలు పెద్ద కర్మాగారములవరకు పలువురు బ్యాంకుల సలహాపై విచిత్రములైన ఆప్షను ఒప్పందములపై సంతకములు చేసిరి. స్విస్ ఫ్రాంకులలో గాని జపాను యెన్నులలో గాని సంపాదన లేనివారు, ఋణము లేనివారు సయితము ఆ నాణెముల గమనముపై ఆధారపడిన ఒప్పందములు చేసికొనిరి. ముందు రుసుము చెల్లింప నక్కరలేదని చెప్పబడిన పలు ఒప్పందములలో దాగియున్న మర్మమేమి? వారు ఒక ఆప్షను కొనుచు, దానికి బదులుగ మరియొక ఆప్షనును బ్యాంకికి అమ్ముచుండిరి. అమ్మినవాని నష్టమునకు అవధి లేదని యింతకుముందే మనవి చేసితిమి. ఉచితముగ వచ్చిన కంపలో పాము దాగియున్నది. ఫ్రాంకు ఎదురు తిరిగిన దినమున వారికి పాము కనబడెను.

ఆ వివాదములు న్యాయస్థానముల కెక్కినవి. కోయంబత్తూరుకు చెందిన రాజశ్రీ షుగర్స్ సంస్థకును యాక్సిస్ బ్యాంకికిని నడుమ డాలరు, ఫ్రాంకుల ఆప్షనుపై వచ్చిన వ్యాజ్యమును మదరాసు హైకోర్టు 2008 అక్టోబరులో విచారించెను. ఈ యొప్పందము పందెమనియు, కావున చెల్లదనియు సంస్థ వాదించెను. 1872 నాటి మన ఒప్పందముల చట్టము 30వ సెక్షను ప్రకారము పందెపు టొప్పందము చెల్లదు. న్యాయమూర్తి రామసుబ్రహ్మణ్యన్ గారు చరిత్రనంతయు విచారించి, ఆ వాదము నంగీకరింపలేదు. దీనినుండి వృత్తిరీత్యా మేము గ్రహించిన పాఠము చెప్పెదము. చదువక సంతకము చేసి, ధర ఎదురు తిరిగిన పిమ్మట జూదమని మొరపెట్టుకొనువానిని న్యాయస్థానము ఒడ్డున పడవేయునని నమ్మరాదు.

పందెమునకును రక్షణకును హద్దెచ్చటనని తాము అడుగవచ్చును. గెలుపోటములు తప్ప ఆ సంఘటనలో ఇరువురికిని వేరు ప్రయోజనము లేనిచో అది పందెము. వాన కురియునా యని ఇరువురు బజారున పందెము వేసికొన్నచో అది జూదము. వానకై విత్తనము చల్లిన రైతు బీమా చేసికొన్నచో అది రక్షణ. వాన ఒక్కటే, చేను మాత్రము ఒకరికి కలదు, మరియొకరికి లేదు. పందెపు టొప్పందము చెల్లకపోయినను అది చట్టవిరుద్ధమైన నేరము కాదని సుప్రీంకోర్టు 1959లో ఘేరూలాల్ పారఖ్ వ్యాజ్యమున తీర్పుచెప్పెను. అది హాపూరు గోధుమల వాయిదా బేరములనుండి పుట్టిన వ్యాజ్యమే. తరువాత 1999లో స్టాక్ ఎక్స్ఛేంజిలలో జరుగు డెరివేటివులకును, 2006లో రిజర్వు బ్యాంకి పరిధిలోని డెరివేటివులకును శాసనములు చట్టబద్ధత కల్పించెను. కావున నేడు చట్టము యెదుట ఒప్పందము చెల్లుచున్నదా అను ప్రశ్న చాలవరకు తీరినది. అది తనకు తగునా అను ప్రశ్నను మాత్రము ఎవనికి వాడే వేసికొనవలెను.

డాలరు విషయమున రిజర్వు బ్యాంకి ఈ హద్దును గట్టిగనే గీచెను. 2024లో ఎక్స్ఛేంజిలలోని కరెన్సీ బేరములను గూర్చి అది స్పష్టపరచినదేమన, 10 కోట్ల డాలర్లవరకు పత్రములు చూపనక్కర లేకపోయినను, కాపాడవలసిన మూలవ్యవహారము నిజముగ నుండి తీరవలెను. ఆ యేడు మే 3నుండి ఈ నియమము అమలునకు వచ్చుటతో ఎక్స్ఛేంజిలలో కరెన్సీ బేరముల రాశి ఒక్కసారిగ పడిపోయెను. చేను చూపుమన్నంతనే కంచెదారులలో ఎందరు చెదరిపోయిరో దీనివలన తెలియుచున్నది.

ఇక మన యూరి సంగతి. ఔషధసంస్థకున్న కంచె కడప పసుపు రైతునకు కలదా? పేరునకు కలదు. ఎన్‌సీడీఈఎక్స్ అను సరుకుల ఎక్స్ఛేంజిలో పసుపునకు వాయిదా బేరములు జరుగుచున్నవి. కాని ఆ బేరమునకు కేంద్రము నిజామాబాదు. అచ్చటి ధర పెరిగినంతమాత్రమున కడప యార్డులో అంతే పెరుగవలెనని లేదు. కొమ్ము రకము వేరు, తేమ వేరు, కొనువారు వేరు. రెండు ధరల నడుమ నుండు ఈ భేదము కంచెలోని సందు. దానినుండి దూరు పశువును ఏ ఒప్పందమును ఆపజాలదు. అదియునుగాక బేరము మొత్తము రెండెకరముల రైతు చేతికి మించినది. ధర ఎదురు తిరిగినపుడు ప్రతిదినము మార్జిను సొమ్ము కట్టవలసియుండును. కర్మాగారమునకు బ్యాంకి పరపతి కలదు, రైతునకు షాహుకారి అప్పు తప్ప మరేమున్నది? సరుకుల వాయిదా బేరములను ప్రభుత్వము ఆపివేయు సందర్భములును కలవు. 2021 డిసెంబరు 20న సెబీ సంస్థ వడ్లు, గోధుమలు, సెనగలు, ఆవాలు మొదలగు ఏడు సరుకుల బేరములను ఒక సంవత్సరము నిలిపివేసి, తరువాత ఆ గడువును పొడిగించెను. పసుపు ఆ పట్టికలో లేదు. ఐనను రేపేమగునో యను సందేహము వర్తకునకు తప్పదు. రైతులు సంఘములుగ కూడి, పదిమంది పంటను ఒక్కటిగ చేర్చి, కట్టిన రుసుమునకు మించి నష్టము రాని ఆప్షనును కొనగలిగిననాడే యీ కంచె చిన్నచేనికిని అందును. ఈ దిశగ యోచింపుడని రైతుసోదరులకు మా విజ్ఞప్తి.

కాని విచారకరమైన విషయమేమన, పంట గల రైతునకు అందని యీ సాధనము, పంట లేని యువకుని చేతిలోని ఫోనునకు క్షణములో అందుచున్నది. 2024 సెప్టెంబరులో సెబీ ప్రకటించిన పరిశీలన ఫలితము వినుడు. 2021–22 మొదలు 2023–24 వరకు మూడేండ్లలో వాటాల వాయిదా, ఆప్షను బేరము లాడిన వ్యక్తులు కోటికి పైబడిరి. వారిలో నూటికి 93 మంది నష్టపడిరి. నష్టపడినవారికి తలకు సుమారు 2 లక్షల రూపాయలు పోయినవి. అందరి నష్టము కలసి లక్షా 80 వేల కోట్లు దాటెను. ఖర్చులు పోగా లక్ష రూపాయలకు మించి లాభము కండ్ల జూచినవారు నూటి కొక్కరు. ఈ ఫలితము వెలువడిన పిమ్మట 2024 అక్టోబరులో సెబీ బేరపు కనిష్ఠ పరిమాణమును 15 లక్షలకు పెంచి, వారవారపు గడువులను ఒక్కొక్క ఎక్స్ఛేంజికి ఒక్క సూచీకే పరిమితము చేసెను. ఇది మంచిదే. కాని ప్రభుత్వపు గోడ ఎంత యెత్తు కట్టినను, తనకు చేను లేదని తెలియని వానిని అది కాపాడజాలదు.

ఏ పెద్ద సంస్థ పేరు చెప్పియైనను, ఏ పండితుని మాట చూపియైనను, ఎవరైన తమ యొద్దకు ఇట్టి బేరము తెచ్చినపుడు నాలుగు ప్రశ్నలడుగుడు. నేను కాపాడుకొనవలసిన చేనేది? కంచె చేనికన్న పెద్దదా? నేను హక్కును కొనుచున్నానా, అమ్ముచున్నానా? ధర మిక్కిలి యెదురు తిరిగిన దినమున నేను చెల్లింపవలసిన మొత్తమెంత? ఈ నాలుగింటికి తెలుగున, ఒక కాగితముమీద, తండ్రికి బోధపడునట్లు జవాబు వ్రాయలేనిచో ఆ బేరమును ముట్టరాదు. ఔషధసంస్థ పాలకమండలి అడుగు ప్రశ్నలును సారమున ఇవియే. వారి గదిలో మేజా పెద్దది, అంతే భేదము.

ఇక మా కచేరీకి వచ్చిన యువకుని సంగతి. దావా వేయుట వలన ప్రయోజనము లేదని చెప్పితిమి. అతడు ప్రతి బేరమునకును తన వ్రేలితోనే అంగీకారము తెలిపెను. షరతులన్నియు అతని ఫోనుననే యున్నవి. మోసమునకు సాక్ష్యము కనబడలేదు. కోర్టు రుసుము, మా రుసుము, పోయిన సొమ్ముమీద మరికొంత పోవుటయే మిగులును. కక్షిదారుని పొమ్మనుట న్యాయవాదికి కష్టమే. ఆ యువకుడు చాలసేపు మాటాడక కూర్చుండి, ‘అయ్యా, మా నాయనకు ఏమని చెప్పవలెను?’ అని యడిగెను. ఆ ప్రశ్నకు చట్టములో సెక్షను లేదు. ఆతనితో కూడ మేమును వారి యింటికి పోతిమి. తండ్రి కాగితములను చూడనే లేదు. ‘తోట యున్నది గదా, వచ్చే కాపునకు చూచుకొందము’ అనెను. చేను నిజముగ నున్నవాడు పలుకగలిగిన మాట యది. ఆ తోటను నిలువబెట్టునదే కంచె. ఆ తోటను పణముగ నొడ్డునది, దాని పేరు ఇంగ్లీషున నేమైనను, జూదమే.